హెచ్‌ఐవీ కొందరికి ఎందుకు సోకదు? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

హెచ్‌ఐవీ నుంచి పుట్టుకతోనే రక్షణ ఉన్న కొద్దిమంది గురించి పోయిన సంచికలో చిన్న వార్త వేశాం. దానిమీద వచ్చిన ఉత్తరాల్లో నలుగురికీ పనికొచ్చేవి ఎంచి జవాబులిస్తున్నాం. ఎవరి పేర్లూ వేయడం లేదు.

మావారికి రెండేళ్ల కిందట హెచ్‌ఐవీ బయటపడింది. వైరస్‌ను అణిచిపెట్టే ఏఆర్‌టీ మందులు వాడుతున్నారు. అంతకు ముందు అయిదేళ్లు మామూలుగానే కాపురం చేశాం. నాకు మూడుసార్లు పరీక్ష చేస్తే మూడుసార్లూ నెగెటివే వచ్చింది. "వదినా, నీ ఒంట్లోనే దానికి విరుగుడు ఉంది" అంటోంది మా ఆడపడుచు. నిజమేనా? ఇక కండోమ్ అక్కర్లేదా?
— ఒక పాఠకురాలు, తెనాలి

అలాంటి రక్షణతో పుట్టేవాళ్లు లోకంలో ఉన్న మాట నిజమే. కానీ మీరు వాళ్లలో ఒకరని చెప్పడానికి మూడు నెగెటివ్ రిపోర్టులు చాలవు. వాటికి ఇంతకంటే మామూలు కారణాలు రెండున్నాయి.

మొదటిది కేవలం లెక్క. మందులు వాడని భర్త నుంచి భార్యకు, కండోమ్ లేని ఒక్క కలయికలో వైరస్ సోకే అవకాశం సగటున 10,000కు 8. ఏడాదికి 100 కలయికలు అనుకుంటే, ఏడాది తిరిగేసరికి 100 మంది భార్యల్లో 92 మంది నెగెటివ్‌గానే ఉంటారు. అయిదేళ్లు అదే తీరున గడిచినా 67 మందికి సోకదు. వీళ్లందరికీ ప్రత్యేకమైన జన్యువులు ఉన్నాయనలేం కదా. అయితే ఇది సగటు మాత్రమే. భర్తకు వైరస్ కొత్తగా సోకిన తొలి వారాల్లో రక్తంలో వైరస్ లక్షల్లో ఉంటుంది. అప్పుడు ముప్పు ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఇద్దరిలో ఎవరికైనా జననాంగాల మీద పుండ్లున్నా, సుఖవ్యాధి ఉన్నా అంతే. మరో సంగతి, ఆ అయిదేళ్లలో మీవారికి వైరస్ ఎప్పుడు సోకిందో మీకు తెలియదు. అయిదేళ్లూ ఉందని అనుకుంటున్నారుగానీ, చివరి ఏడాదే సోకి ఉండొచ్చు.

రెండో కారణం మందులు. ఒకరికి హెచ్‌ఐవీ ఉండి మరొకరికి లేని జంటల మీద హెచ్‌పీటీఎన్ 052 అనే పెద్ద పరిశోధన జరిగింది. చెన్నై, పుణె కేంద్రాలూ అందులో పాల్గొన్నాయి. త్వరగా మందులు మొదలుపెట్టినవాళ్ల నుంచి జీవిత భాగస్వామికి వైరస్ సోకడం 96 శాతం తగ్గిందని 2011లో తేలింది. తర్వాత వచ్చిన పరిశోధనల్లో, వైరల్ లోడ్ (మిల్లీలీటరు రక్తంలో ఉన్న వైరస్ లెక్క) 200 కాపీల లోపు నిలకడగా ఉన్నవాళ్ల నుంచి భాగస్వామికి సోకిన సందర్భం ఒక్కటీ కనిపించలేదు. మిమ్మల్ని ఇప్పుడు కాపాడుతున్నవి మీవారు రోజూ వేసుకునే మాత్రలు.

కాబట్టి కండోమ్ సంగతి మీ జన్యువులను బట్టి కాక, ఆయన వైరల్ లోడ్ రిపోర్టును బట్టి తేల్చుకోండి. మందులు మొదలుపెట్టిన 6 నెలలకు, 12 నెలలకు, ఆ తర్వాత ఏడాదికోసారి ఏఆర్‌టీ సెంటర్‌లోనే ఉచితంగా ఈ పరీక్ష చేస్తారు. ఆయన చివరి రిపోర్టు తేదీ చూడండి. ఏడాది దాటి ఉంటే మళ్లీ చేయించండి. లోడ్ 200 లోపు ఉండి, మాత్రలు ఒక్కపూట కూడా మానకుండా వాడుతుంటే, కండోమ్ మానడం గురించి సెంటర్‌లోని డాక్టర్‌తో ఇద్దరూ కలిసే మాట్లాడండి. ఆ రిపోర్టు చేతికొచ్చేదాకా మాత్రం కండోమ్ తప్పదు. పిల్లల కోసం చూస్తున్నా ఇదే పద్ధతి. ఆయన లోడ్ ఇంకా తగ్గకపోతే మీరు ముందుజాగ్రత్తగా వాడే ప్రెప్ మాత్రలు ఉన్నాయి. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (నాకో) మార్గదర్శకాల్లో వాటికి చోటుంది, అడగండి. మీ పరీక్ష ఆరు నెలలకోసారి ఐసీటీసీలో (ప్రభుత్వ హెచ్‌ఐవీ పరీక్షా కేంద్రంలో) చేయించుకుంటూ ఉండండి.

సీసీఆర్‌5 డెల్టా32 గురించి డిగ్రీ విద్యార్థులకు పాఠం చెప్పాలి. 32 అక్షరాలు పోతే వైరస్ ఎందుకు ఆగుతుంది? మనవాళ్లలో ఎంతమందికి ఉంది?
— జంతుశాస్త్ర అధ్యాపకుడు, హనుమకొండ

హెచ్‌ఐవీ కణంలోకి దూరాలంటే రెండు పట్లు కావాలి: కణం పైనుండే సీడీ4, సీసీఆర్‌5 అనే ప్రొటీన్లు. వైరస్ పైనున్న జీపీ120 అనే ప్రొటీన్ ముందు సీడీ4ను పట్టుకుంటుంది. దాంతో దాని ఆకారం మారి, లోపల దాగి ఉన్న వీ3 అనే మెలిక బయటికొస్తుంది. ఆ మెలిక సీసీఆర్‌5ను పట్టుకున్నాకే వైరస్ మీది మరో ప్రొటీన్ జీపీ41 పని మొదలుపెట్టి, వైరస్ పొరనూ కణం పొరనూ కలిపేస్తుంది. సీసీఆర్‌5 లేకపోతే వైరస్ సీడీ4ను పట్టుకుని అక్కడే ఉండిపోతుంది.

సీసీఆర్‌5 జన్యువు మూడో క్రోమోజోము మీద ఉంది. అందులో 32 డీఎన్‌ఏ అక్షరాలు ఊడిపోయిన రకమే డెల్టా32. అది తయారుచేసే ప్రొటీన్‌లో 352 అమైనో ఆమ్లాలుంటాయి. డీఎన్‌ఏను మూడేసి అక్షరాల చొప్పున చదువుతారని మీ పిల్లలకు తెలుసు. 32ను మూడుతో భాగిస్తే శేషం రెండు. కాబట్టి 32 అక్షరాలు ఊడిన చోటు నుంచి చదివే వరస మొత్తం తప్పిపోయి, కొద్ది దూరంలోనే ఆపమనే సంకేతం ఎదురవుతుంది. ప్రొటీన్ 215వ అమైనో ఆమ్లం దగ్గర ఆగిపోతుంది. ఈ పొట్టి ప్రొటీన్ కణం పైపొర దాకా చేరదు. 30 అక్షరాలో 33 అక్షరాలో పోయి ఉంటే వరస తప్పేది కాదు గదా, అప్పుడు ఏమయ్యేదో ఊహించమని తరగతిలో అడగండి. మంచి చర్చ జరుగుతుంది.

1996 జూన్‌లో అయిదు బృందాలు వరసగా సీసీఆర్‌5 పాత్రను బయటపెట్టాయి. రెండు నెలలు తిరక్కుండానే డెల్టా32 సంగతి వెలుగుచూసింది. పదేపదే వైరస్‌కు ఎదురుపడినా సోకని న్యూయార్క్ మగవాళ్లలో ఇద్దరికి రెండు కాపీల్లోనూ ఈ లోపం కనిపించింది. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి అందితేనే ఈ గట్టి రక్షణ. ఒక్క కాపీ ఉంటే వైరస్ సోకడం ఆగదు. సోకాక జబ్బు ముదరడం సగటున రెండేళ్లు ఆలస్యమవుతుందంతే.

ఇక మనవాళ్ల సంగతి. ఈ లోపం ఉత్తర ఐరోపా మూలాలున్నవాళ్ల సొత్తు. అక్కడ ఈ రకం జన్యువు దాదాపు 10 శాతం. హార్డీ-వైన్‌బర్గ్ లెక్కన (0.1 × 0.1) రెండు కాపీలున్నవాళ్లు 100కు ఒకరు. దక్షిణానికీ తూర్పుకీ వచ్చేకొద్దీ పలచబడుతుంది. ఆఫ్రికా, తూర్పు ఆసియా మూలవాసుల్లో లేదనే చెప్పాలి. మన దేశంలో వాయవ్యాన అక్కడక్కడా ఒక కాపీ కనిపిస్తుంది, దక్షిణాన అదీ అరుదే. జన్యువు 1 శాతమే ఉందనుకుంటే రెండు కాపీలవాళ్లు 10,000కు ఒకరు. మన దగ్గర అంత కూడా లేదు. హెచ్‌ఐవీ దేశ సగటు కంటే ఎక్కువగా ఉన్న ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో సోకనివాళ్లను డెల్టా32 కాపాడిందనడానికి అందుకే వీల్లేదు.

ఐరోపాలో ఈ జన్యువు ఎందుకింత పెరిగిందంటే మధ్యయుగపు ప్లేగు వల్లనని చాలా పుస్తకాల్లో ఉంటుంది. ఆ కథ చెప్పకండి. జర్మనీలో ఓ గుహలో దొరికిన కంచుయుగపు అస్థికల్లోనూ డెల్టా32 కనిపించింది. అవి ఆ ప్లేగుకు రెండు వేల ఏళ్లకు పైగా ముందువి.

ప్రయోగశాలలో చూపించాలనుకుంటే పీసీఆర్ చేసి (ఆ డీఎన్‌ఏ ముక్కకు ఎన్నో నకళ్లు తీసి), ముక్కల్ని పొడవును బట్టి విడదీసే 2.5 నుంచి 3 శాతం అగరోజ్ జెల్ మీద నడపండి. 1 శాతం జెల్ మీద 32 అక్షరాల తేడా విడిపోదు, చాలామంది అక్కడే దెబ్బతింటారు. ఒక కాపీ లోపం ఉన్న నమూనాలో రెండు పట్టీలకు పైన మూడోది కూడా ఒక్కోసారి కనిపిస్తుంది. అది కల్తీ కాదు. పొడుగు పోగు, పొట్టి పోగు ఒకదానితో ఒకటి జతకట్టి, సరిగ్గా అమరక నెమ్మదిగా కదలడం వల్ల వచ్చేది. విద్యార్థుల రక్తంతో మాత్రం ఈ ప్రయోగం చేయించకండి.

అమెరికాలో ఉంటున్నాను. లాలాజలం పంపించి డీఎన్‌ఏ పరీక్ష చేయించుకున్నాను. డేటాలో ఆర్‌ఎస్333 అనే చోట "డీఐ" అని ఉంది. నాకు సగం రక్షణ ఉన్నట్టేనా?
— ఎడిసన్, న్యూజెర్సీ

లేదు. ఆర్‌ఎస్333 అంటే డెల్టా32 లోపం ఉండే చోటు. "ఐఐ" అంటే రెండు కాపీలూ మామూలువి, "డీఐ" అంటే ఒకదాంట్లో లోపం, "డీడీ" అంటే రెండింట్లోనూ. ఒక్క కాపీ మిగిలినా కణం మీద సీసీఆర్‌5 ఉంటుంది, తక్కువగా ఉంటుందంతే. వైరస్‌కు అది చాలు. పైగా ఆ ముడి డేటా వైద్య అవసరాలకు సరిచూసింది కాదు. తెలుగు కుటుంబాల్లో ఇంత అరుదైన ఫలితం వచ్చినప్పుడు యంత్రం పొరబడి ఉండే అవకాశాన్నీ కొట్టిపారేయలేం. ఒకవేళ "డీడీ" అని వచ్చినా నిశ్చింతగా ఉండటానికి లేదు. సీసీఆర్‌5కు బదులు సీఎక్స్‌సీఆర్‌4 అనే మరో ప్రొటీన్‌ను పట్టుకునే వైరస్ రకం కూడా ఉంది, దానివల్ల రెండు కాపీల లోపం ఉన్నవాళ్లకీ హెచ్‌ఐవీ సోకిన కేసులు నమోదయ్యాయి. ఈ లోపంతో ఒక నష్టమూ ఉంది. వెస్ట్‌నైల్ వైరస్ మీరుండే అమెరికాలో వేసవిలో తిరిగే జబ్బే. సీసీఆర్‌5 పూర్తిగా లేనివాళ్లలో అది మెదడుకు పాకి ప్రమాదకరంగా మారడం ఎక్కువ.

స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. పదేళ్లలో మూడుసార్లు పాజిటివ్ పేషెంట్ల సూదులు గుచ్చుకున్నాయి. ఒక్కసారే మందు వాడాను. అయినా ఏమీ కాలేదు. నా ఇమ్యూనిటీ గట్టిదని తోటివాళ్లు అంటున్నారు.
— కర్నూలు

సూది ద్వారా హెచ్‌ఐవీ సోకే అవకాశం సగటున 10,000కు 23. మూడుసార్లు గుచ్చుకుని, మందే వాడకపోయినా, 1,000 మందిలో 993 మందికి సోకదు. మీరు ఆ 993లో ఉన్నారు, అంతే. ముప్పు అన్ని సూదులకూ ఒకటి కాదు. లోపల బోలుగా ఉండి రక్తం నిండిన సూది, లోతుగా దిగిన పోటు, నేరుగా నరంలోంచి తీసిన సూది, వైరల్ లోడ్ ఎక్కువున్న పేషెంట్ — ఇవి ముప్పును పెంచుతాయి. కుట్లు వేసే సూది గ్లవ్ మీదుగా గీసుకుంటే ముప్పు చాలా తక్కువ.

మళ్లీ జరిగితే ఏం చేయాలో చెబుతాం. పారే నీళ్లకింద సబ్బుతో కడగండి. పిండకండి, నోట్లో పెట్టుకోకండి, స్పిరిట్, బ్లీచింగ్ లాంటివి పోయకండి. పిండితే అక్కడి కణజాలం దెబ్బతిని వాస్తుంది. వైరస్‌కు కావలసిన సీడీ4 కణాలు (పైన సీడీ4 ఉండే రోగనిరోధక కణాలు) అక్కడికే చేరతాయి. వెంటనే పై అధికారికి చెప్పి రాయించండి. వైరస్ సోకకుండా ఆపే మందులో మొదటి మాత్ర వీలైతే 2 గంటల్లోపు పడాలి. పేషెంట్ రిపోర్టు కోసం ఆగొద్దు, మొదలుపెట్టి తర్వాత అవసరం లేదని తేలితే ఆపొచ్చు. 72 గంటలు దాటితే మందు మొదలుపెట్టరు. అప్పటికే వైరస్ లింఫు గ్రంథుల్లో స్థిరపడి ఉంటుంది. టెనోఫోవిర్ 300, లామివుడిన్ 300, డోలుటెగ్రావిర్ 50 మిల్లీగ్రాములు కలిసిన మాత్ర రోజుకొకటి, 28 రోజులు. కాల్షియం, ఐరన్ మాత్రలు, యాంటాసిడ్ వాడుతుంటే వాటికి 2 గంటల ముందైనా, 6 గంటల తర్వాతైనా దీన్ని వేసుకోండి. లేకపోతే అవి డోలుటెగ్రావిర్‌ను కడుపులోనే పట్టేసి రక్తంలోకి పోనివ్వవు. వారం తర్వాత వికారంగా ఉందని మానేసేవాళ్లు చాలామంది. మానకండి, తిన్నాక వేసుకుంటే సర్దుకుంటుంది. పరీక్షలు అదే రోజు, 6 వారాలకు, 3 నెలలకు, 6 నెలలకు.

అన్నట్టు, హెపటైటిస్-బి టీకా మూడు డోసులూ వేయించుకున్నారా? టీకా లేనివాళ్లకు సూది ద్వారా హెపటైటిస్-బి సోకే అవకాశం 100కు 30 దాకా ఉంటుంది. హెచ్‌ఐవీతో పోల్చండి. వార్డుల్లో అందరూ భయపడేది మాత్రం హెచ్‌ఐవీకే.

మా తమ్ముడికి తొమ్మిదేళ్ల కిందట పాజిటివ్ అని తేలింది. మందులు వాడడు. సీడీ4 కణాల లెక్క బాగుంది, ఈమధ్య వైరల్ లోడ్ చేయిస్తే "కనబడలేదు" అని వచ్చింది. వాడి జన్యువులే అలాంటివా?
— గుంటూరు

కావచ్చు. కానీ అక్కడికి రావడానికి ముందు మూడు అనుమానాలు తీర్చుకోవాలి.

మొదటిది, అసలు హెచ్‌ఐవీ ఉందా? తొమ్మిదేళ్ల కిందట ఎక్కడో ఒక్క కిట్‌తో చేసిన పరీక్షయితే తప్పయి ఉండొచ్చు. ఐసీటీసీలో వేర్వేరు రకాల మూడు కిట్లతో చేస్తారు, మళ్లీ చేయించండి. రెండోది, ఉన్నది హెచ్‌ఐవీ-2 కావచ్చు. పశ్చిమ ఆఫ్రికాలో పుట్టిన ఆ రకం మన దేశంలోనూ ఉంది. మామూలు వైరల్ లోడ్ యంత్రం హెచ్‌ఐవీ-1ను మాత్రమే లెక్కపెడుతుంది. ఒంట్లో ఉన్నది హెచ్‌ఐవీ-2 అయితే లేనట్టే చూపిస్తుంది. అది నెమ్మదిగా ముదిరే రకం కాబట్టి సీడీ4 కూడా ఏళ్ల తరబడి బాగుంటుంది. ఎఫావిరెంజ్, నెవిరపిన్ మందులు దానిమీద పనిచేయవు, అందుకే తేల్చుకోవడం ముఖ్యం. మూడోది అడగడానికి ఇబ్బందైన ప్రశ్న: ఎక్కడైనా "మూలికల మందు" వాడుతున్నాడా? పొడుల్లో, గుళికల్లో ఏఆర్‌టీ మందులు కలిపి ఇచ్చే అవకాశం ఉంది. ఇంట్లో చెప్పకుండా ఏఆర్‌టీయే వాడుతూ ఉండొచ్చు కూడా.

ఈ మూడూ కాకపోతే అప్పుడు మీ తమ్ముడు ఎలైట్ కంట్రోలర్ కావచ్చు. మందుల్లేకుండానే వైరస్‌ను 50 కాపీల లోపు అణిచిపెట్టే వీళ్లు హెచ్‌ఐవీ ఉన్నవాళ్లలో 1 శాతం కంటే తక్కువ. ఇక్కడ ఒక తేడా గమనించండి. వైరస్ సోకకుండా ఆపేది సీసీఆర్‌5 లోపం. సోకాక అణిచిపెట్టేది చాలావరకు హెచ్‌ఎల్‌ఏ జన్యువుల పని (వాటి సంగతి కింద చెబుతాం). ఈ రెండూ వేరు, పత్రికల్లో తరచూ కలగాపులగం అవుతుంటాయి. 2013లో 6,000 మందికి పైగా హెచ్‌ఐవీ ఉన్నవాళ్ల జన్యువుల్ని, లేనివాళ్లవాటితో పోల్చి చూశారు. సోకే విషయంలో డెల్టా32 రెండు కాపీలు తప్ప నిలబడిన తేడా మరొకటి దొరకలేదు. వైరల్ లోడ్ ఎంత ఉంటుందన్న విషయంలో మాత్రం మనుషుల మధ్య తేడాలో పాతిక శాతం దాకా జన్యువులతో వివరించగలుగుతున్నారు.

హెచ్‌ఎల్‌ఏ పని ఇది. ప్రతి కణం తన లోపల తయారవుతున్న ప్రొటీన్ల ముక్కల్ని పంచాయతీ నోటీసు బోర్డులా పైపొర మీద పెట్టి చూపిస్తుంది. హెచ్‌ఎల్‌ఏ ఆ బోర్డు. అటుగా తిరిగే సీడీ8 అనే రోగనిరోధక కణాలు పరాయి ముక్క కనబడితే ఆ కణాన్ని చంపేస్తాయి. ఏ ముక్క అతుకుతుందన్నది మనకు వారసత్వంగా వచ్చిన బోర్డును బట్టి ఉంటుంది. హెచ్‌ఎల్‌ఏలో బి57, బి27 రకాలు వైరస్ గుండెకాయలాంటి గ్యాగ్ ప్రొటీన్ ముక్కల్ని చూపిస్తాయి. తప్పించుకోవాలంటే వైరస్ ఆ చోటే మారాలి. మారితే దాని కవచం సరిగ్గా కుదరక, పెరిగే వేగం పడిపోతుంది. బి35లో కొన్ని రకాలున్నవాళ్లకు ఇందుకు ఎదురు, జబ్బు త్వరగా ముదురుతుంది. తల్లి నుంచి, తండ్రి నుంచి ఒకే రకం హెచ్‌ఎల్‌ఏ వచ్చినవాళ్లకూ నష్టమే. చూపించే ముక్కల్లో వైవిధ్యం తగ్గుతుంది. 2010లో కంట్రోలర్లనూ, మిగతావాళ్లనూ జన్యువు జన్యువు వెతికి చూస్తే బలంగా తేలినవన్నీ ఆరో క్రోమోజోము మీద హెచ్‌ఎల్‌ఏ ఉన్న చోటే. అందులోనూ హెచ్‌ఎల్‌ఏ-బి లో ముక్క కూర్చునే గాడిలోని కొన్ని అమైనో ఆమ్లాలే.

ఈ రక్షణ శాశ్వతమనుకోకండి. వైరస్ జనంతోపాటు మారుతుంది. జపాన్‌లో బి51 అనే హెచ్‌ఎల్‌ఏ రకం ఎక్కువమందికి ఉంది. ఒకప్పుడు అది కాపాడేది. దాన్ని తప్పించుకునే వైరసే ఇప్పుడు అక్కడ వ్యాపిస్తుంది కాబట్టి ఆ మేలు పోయింది. బోట్స్‌వానాలో బి57 విషయంలోనూ ఇదే జరిగిందని 2014లో చూపించారు.

మీ తమ్ముడికి మా సలహా: కంట్రోలరైనా మందులు మొదలుపెట్టమనండి. వైరస్‌ను అణచడానికి రోగనిరోధక వ్యవస్థ ఏళ్ల తరబడి మండుతూనే ఉంటుంది. గుండె, రక్తనాళాల మీద దాని భారం పడుతుంది. కొంతమందిలో ఏళ్ల తర్వాత పట్టు జారిపోతుంది కూడా. 2017 నుంచి మన దేశంలో సీడీ4 ఎంతున్నా పాజిటివ్ అని తేలగానే మందు ఇస్తున్నారు.

నాకు కిడ్నీ పరీక్షలో తేడా వచ్చిందని టెనోఫోవిర్ ఆపి అబాకవిర్ ఇస్తామన్నారు. ముందు హెచ్‌ఎల్‌ఏ-బి57 పరీక్ష చేయించమన్నారు. బి57 ఉంటే మంచిదని చదివాను. మరి అది ఉంటే మందు ఇవ్వరట! ఏమిటిది?
— కాకినాడ

మీ డాక్టర్ చెప్పింది సరైన మాట, మీరు చదివిందీ నిజమే. మన పాఠకుల్లో హెచ్‌ఎల్‌ఏ పరీక్షతో నిజంగా పనిపడేది మీలాంటి వాళ్లకే.

వైరస్ ముక్కను పట్టుకునే ఆ గాడిలోనే అబాకవిర్ అణువు కూడా దూరి కూర్చుంటుంది. అన్ని రకాల్లో కాదు, బి57:01 అనే ఉపరకంలోనే. అది కూర్చోగానే గాడి ఆకారం మారి, అంతకుముందు పట్టని మన సొంత ప్రొటీన్ ముక్కలు అందులో అతుక్కుంటాయి. సీడీ8 కణాలు వాటిని పరాయివిగా పొరబడి దాడి చేస్తాయి. జ్వరం, ఒళ్లంతా దద్దుర్లు, వాంతులు, విపరీతమైన నీరసం, దగ్గు, ఆయాసం, వీటిలో రెండు మూడు కలిసి, సాధారణంగా మొదటి 6 వారాల్లో వస్తాయి. ప్రతి మాత్రతో ముదురుతాయి. ఆపగానే తగ్గుతాయి. అసలు ప్రమాదం తర్వాతే ఉంది. తగ్గిందిగదా అని మళ్లీ మొదలుపెడితే కొన్ని గంటల్లోనే బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. ముందే పరీక్ష చేసి పాజిటివ్ వాళ్లకు అబాకవిర్ ఇవ్వకపోతే, చర్మపరీక్షతో రుజువైన ఈ రియాక్షన్ పూర్తిగా ఆగిపోతుందని 2008లో వచ్చిన పరిశోధన తేల్చింది. ఈ ఉపరకం మన దేశంలో అరుదేమీ కాదు, అందుకే అశ్రద్ధ వద్దు.

పరీక్షకు పరగడుపున వెళ్లక్కర్లేదు. రక్తం గానీ, బుగ్గ లోపలి తుడుపు గానీ చాలు. జన్యువు మారదు కాబట్టి జన్మకు ఒక్కసారే. రిపోర్టులో "బి57" అని మాత్రమే ఉంటే సరిపోదు. 57:01 ఉందా లేదా అని స్పష్టంగా రాసి ఉండాలి. 57:03 లాంటి ఉపరకాలతో ఈ చిక్కు లేదు. పాజిటివ్ వస్తే ఆ కాగితం లామినేట్ చేయించి ఏఆర్‌టీ బుక్కుతోపాటే ఉంచండి. ఎక్కడ ఏ డాక్టర్‌కు చూపించినా ముందు ఆ మాట చెప్పండి. నెగెటివ్ వచ్చినా తొలి 6 వారాల్లో జ్వరంతో దద్దుర్లు వస్తే ఫోన్ చేయకుండా ఊరుకోకండి. మాత్ర సొంతంగా ఆపి, మళ్లీ సొంతంగా మొదలుపెట్టడం అన్నిటికన్నా పెద్ద పొరపాటు.

ఇంకొకటి అడిగి తెలుసుకోండి: మీకు హెపటైటిస్-బి ఉందా? టెనోఫోవిర్ దాన్ని కూడా అణిచిపెడుతుంది. అబాకవిర్‌కు ఆ గుణం లేదు. హెపటైటిస్-బి ఉన్నవాళ్లకు టెనోఫోవిర్ చటుక్కున ఆపితే కాలేయం ఎదురుతిరుగుతుంది. హెచ్‌బీఎస్‌ఏజీ (హెపటైటిస్-బి పరీక్ష) రిపోర్టు చూడకుండా ఈ మార్పు చేయకూడదు. కిడ్నీ పనితీరును బట్టి లామివుడిన్ మోతాదు కూడా సరిచూడాలి.

మూలకణాల మార్పిడితో హెచ్‌ఐవీ నయమైందని వార్తలొస్తున్నాయి. ఇల్లు అమ్మి అయినా మా అబ్బాయికి చేయించాలనుకుంటున్నాం.
— హైదరాబాద్

ఇల్లు అమ్మకండి. నయమైనవాళ్లందరికీ రక్తక్యాన్సర్ లాంటి ప్రాణాంతక జబ్బు ఉంది, మార్పిడి దానికోసం చేశారు. మొదటివాడు బెర్లిన్‌లో చికిత్స పొందిన టిమోతీ రే బ్రౌన్. 2007లో ఒకసారి, తర్వాత లుకేమియా తిరగబెడితే 2008లో మరోసారి మార్పిడి చేశారు. దాత హెచ్‌ఎల్‌ఏ కుదరడమే కాక, రెండు కాపీల డెల్టా32 ఉన్నవాడు. బ్రౌన్‌కు హెచ్‌ఐవీ మళ్లీ రాలేదు గానీ, 2020లో ఆ లుకేమియాతోనే చనిపోయాడు. తర్వాత లండన్, డ్యూసెల్‌డార్ఫ్, న్యూయార్క్‌లలో మరికొందరు. ఇలాగే మార్పిడి జరిగిన జెనీవా రోగి విషయంలో దాతకు డెల్టా32 అసలు లేదు. దాత కణాలు పాత రక్తకణాల్ని తుడిచిపెట్టడం కూడా ముఖ్యమేనని దాంతో అర్థమైంది.

మార్పిడికి ముందు ఎముక మజ్జను మందులతో పూర్తిగా చంపేస్తారు. ఇన్‌ఫెక్షన్లతో, దాత కణాలు ఒంటిమీద తిరగబడటంతో 100 మందిలో 10 నుంచి 20 మంది దాకా చనిపోతారు. రోజుకో మాత్రతో మామూలు ఆయుష్షు బతకగల కుర్రాడికి ఈ ముప్పు తలపెట్టే డాక్టర్ ఉండడు. ఉంటే ఆ ఆస్పత్రి నుంచి బయటికి రండి. పైగా హెచ్‌ఎల్‌ఏ కలవాలంటే మనవాళ్లే దాతలు కావాలి. డెల్టా32 కావాలంటే ఐరోపావాళ్లు కావాలి. ఈ రెండూ ఒకే మనిషిలో మనకు దొరకడం కల్ల.

2018లో చైనాలో హె జియాంకుయ్ అనే శాస్త్రవేత్త పిండదశలోనే సీసీఆర్‌5ను కత్తిరించి కవలల్ని పుట్టించానని ప్రకటించాడు. ఆయన చేసిన మార్పులు డెల్టా32తో సరిపోలలేదు. మరుసటి ఏడాది చివర్లో అక్కడి కోర్టు మూడేళ్ల జైలుశిక్ష వేసింది. సీసీఆర్‌5ను మూసిపెట్టే మాత్ర మాత్రం ఉంది, మరావిరాక్. అమెరికాలో 2007లో అనుమతి వచ్చింది. ఒంట్లోని వైరస్ సీసీఆర్‌5నే వాడుతోందని పరీక్షలో తేలితేనే ఇస్తారు.

"ఓ" (O) గ్రూపు రక్తం ఉన్నవాళ్లకు హెచ్‌ఐవీ సోకదంటారు, నిజమా? ఇమ్యూనిటీ పెంచే టానిక్కులు రక్షణ ఇస్తాయా?
— నల్లగొండ

రెండూ కావు. రోగనిరోధక కణాల్ని రెచ్చగొట్టడం రక్షణ కాదు. సీడీ4 కణాలు ఎంత రెచ్చిపోయి ఉంటే వైరస్ వాటిలో అంత బాగా పెరుగుతుంది. సుఖవ్యాధి ఉన్నచోట హెచ్‌ఐవీ సులువుగా సోకడానికి ఒక కారణం ఇదే. టానిక్కు డబ్బుతో కండోమ్‌లు కొనుక్కోండి. అనుమానాలుంటే ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కు ఫోన్ చేయొచ్చు, ఉచితం.

నాకు పాజిటివ్. మొదటి బిడ్డప్పుడు నాకు తెలియక మందులు వాడలేదు, అయినా పాప నెగెటివ్. ఇప్పుడు మళ్లీ మూడో నెల. పాపకు వచ్చిన రక్షణ ఈ బిడ్డకూ వస్తుందా?
— ఒక పాఠకురాలు, ఒంగోలు

పాపది రక్షణ అనలేం. మందులు లేకపోయినా తల్లి నుంచి బిడ్డకు హెచ్‌ఐవీ సోకేది 100కు 15 నుంచి 45 మందికే. సగానికి పైగా పిల్లలు మామూలుగానే తప్పించుకుంటారు. జన్యువుల పాత్ర కొంత ఉంది, అదీ తల్లీబిడ్డల పోలికలో. బిడ్డ హెచ్‌ఎల్‌ఏ తల్లిదానికి ఎంత దగ్గరగా ఉంటే ముప్పు అంత ఎక్కువని నైరోబీలో చేసిన అధ్యయనంలో తేలింది. తల్లి ఒంట్లో తప్పించుకోవడం నేర్చిన వైరస్‌కు అదే రకం హెచ్‌ఎల్‌ఏ ఉన్న బిడ్డ సులువుగా దొరుకుతుంది. ఈ బిడ్డకు తండ్రి నుంచి ఏ సగం వచ్చిందో, అది అక్కతో కలుస్తుందో లేదో ముందు చెప్పలేం. ఒక బిడ్డను చూసి ఇంకో బిడ్డ సంగతి ఊహించకండి.

మీరు ఇప్పటికే ఏఆర్‌టీలో ఉంటే ఆపకండి, లేకపోతే ఈ వారంలోనే మొదలుపెట్టండి. మందులతో ముప్పు 5 శాతం లోపుకు, కాన్పు నాటికి లోడ్ కనబడనంతగా తగ్గితే 1 శాతం దరిదాపులకు వస్తుంది. నెలలు నిండేముందు వైరల్ లోడ్ చేయించుకోండి, కాన్పు తర్వాత బిడ్డకు ఏ మందు ఎన్ని వారాలివ్వాలో దాన్ని బట్టే నిర్ణయిస్తారు. మీ పాలిస్తే మీ పాలే ఇవ్వండి, మొదటి 6 నెలలు డబ్బాపాలు కలపొద్దు. బిడ్డకు 6 వారాలకు మడమ నుంచి రక్తపు చుక్కలు తీసి పరీక్షకు పంపుతారు. 6 నెలలకు, 12 నెలలకు మళ్లీ చూస్తారు. మామూలు కిట్‌తో అప్పుడే చేయించి పాజిటివ్ వచ్చిందని బెంగపడొద్దు. మీ ఒంట్లోని యాంటీబాడీలు బిడ్డ రక్తంలో ఏడాదిన్నర దాకా ఉంటాయి. కచ్చితమైన మాట 18 నెలలు నిండి, పాలు మాన్పించి 3 నెలలు దాటాక చేసే పరీక్షలో తేలుతుంది.